గిరిజ గారు విప్పి చూడని మెషీన్

కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో మనవాళ్ళ ఏ ఇంటికి భోజనానికి వెళ్ళినా మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీ?’, రెండోది ‘ఏ టెక్నాలజీ?’. గిరిజ గారి దగ్గర ఈ రెండింటికీ జవాబు లేదు. ‘కస్టమ్స్ బ్రోకర్‌నండీ’ అంటారు. అవతలివాళ్ళ మొహంలో కాస్త జాలి కనిపిస్తుంది. ఒకసారి నా కళ్ళముందే ఒకాయన, పాపం మంచివాడే, ‘అయితే వచ్చే నెల మా అత్తగారు ఎండు రొయ్యలు తెస్తున్నారు, ఎయిర్‌పోర్ట్‌లో మీరు కాస్త చూసుకోవాలి’ అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మాత్రం నవ్వి, ‘వాసన రాకుండా మూట కట్టమనండి, మిగతాది ఆవిడ అదృష్టం’ అన్నారు.

అందుకే ముందుగా ఆవిడ పనేమిటో చెప్పేస్తాను. బయటి దేశం నుంచి ఓడలో సరుకు దిగితే అదేమిటో, దాని విలువ ఎంతో, అన్నిటికన్నా ముఖ్యంగా అది ఏ దేశంలో తయారైందో ప్రభుత్వానికి రాసివ్వాలి. తెప్పించుకున్న వ్యాపారి తరపున ఆ కాగితం నింపి సంతకం పెట్టేది గిరిజ గారు. తయారైన దేశాన్ని బట్టి సుంకం మారుతుంది. కొరియా సరుక్కి ఒక రేటు, జపాన్ సరుక్కి ఇంకో రేటు. ఈ రేట్లు కూడా ఈ మధ్య ఎప్పుడు మారతాయో ఎవరికీ తెలియదు. తప్పు దేశం పేరు రాస్తే వ్యాపారికి జరిమానా. తెలిసి రాశారని తేలితే బ్రోకర్ లైసెన్స్ ఊడుతుంది.

ఆ లైసెన్స్ ఆవిడకు ఊరికే రాలేదు. తెనాలిలో బీకాం చదివి, రఘువీర్ గారిని పెళ్ళి చేసుకుని, ఇరవై ఏళ్ళ కిందట డిపెండెంట్ వీసా మీద ఇక్కడికి వచ్చారు. ఏడేళ్ళు ఉద్యోగం చేసే వీల్లేదు. గ్రీన్ కార్డ్ వచ్చిన నెలలోనే హేవర్డ్‌లో సరుకులు పంపే ఒక ఆఫీసులో ఫైళ్ళు సర్దే పనికి చేరారు. ఫైళ్ళు సర్దుతూ సర్దుతూ వాటిని చదవడం మొదలుపెట్టారు. సిటిజన్ అయ్యాక పరీక్షకు కూర్చున్నారు. ఎనభై ప్రశ్నలు, నాలుగున్నర గంటలు, పుస్తకాలు చూసి రాయొచ్చు. పుస్తకాలు చూసి రాసినా చాలామంది తప్పుతారంటే ఆ ప్రశ్నలు ఎలాంటివో మీరే ఊహించుకోండి. గిరిజ గారు మూడుసార్లు తప్పారు. మూడోసారి రఘువీర్ గారు ‘పోనీలే గిరిజా, మనకేం తక్కువ?’ అన్నారట. ‘ఆ మాటకే నాలుగోసారి ఫీజు కట్టాను’ అంటారావిడ. నాలుగోసారి పాసయ్యారు. ఆ లైసెన్స్ మా ఆఫీసు గోడ మీద, ఆవిడ కుర్చీ వెనక, ఫ్రేములో ఉంటుంది. శుక్రవారం శుక్రవారం ఆవిడే అద్దం తుడుస్తారు.

మా ఆఫీసంటే తొమ్మిది మంది. ఓనర్ వీరభద్రరావు గారు. నేను ఇక్కడ ఎమ్మెస్ చేసి, ఎక్కడా ఉద్యోగం దొరక్క, ఆయన హెచ్‌వన్ వీసా చేయిస్తానంటే వచ్చి పడ్డవాణ్ణి. ఇన్వాయిస్‌లు చదివి, ఫారాలు దానంతటదే నింపే ప్రోగ్రాం రాయడం నా పని. మొదటి రోజు గిరిజ గారిని ‘ఆంటీ’ అని పిలిచాను.

“ఆఫీసులో ఆంటీ ఏంటి నాయనా? నేనేమన్నా నీకు పులిహోర కలిపి పెడుతున్నానా?” అన్నారు.

ఆ రోజు నుంచి ఆవిడ గిరిజ గారు, నేను ఒరేయ్ ఫణీ.

ఆవిడకు ఒక నియమం ఉంది. ఏ వ్యాపారిదైనా కొత్త మోడల్ వస్తే, మొదటి పీసు ఆవిడ స్వయంగా వేర్‌హౌస్‌కి వెళ్ళి విప్పి చూడాలి. హ్యాండ్‌బ్యాగ్‌లో లిప్‌స్టిక్ ఉండదు గానీ నాలుగు రకాల స్క్రూడ్రైవర్లు ఉంటాయి. కాగితం మీద కంపెనీ వాళ్ళు ఏమన్నా రాసుకోవచ్చు, లోపలున్న భాగాలు మాత్రం ఎక్కడివో వాటి మీదే ఉంటుందని ఆవిడ లెక్క. అందుకని మా ఆఫీసు ఫారంలో ఒక ప్రశ్న పెట్టించారు: ‘మొదటి పీసు విప్పి చూశారా?’ చూస్తే టిక్ పెట్టాలి. ఆ టిక్ ఆవిడ కంప్యూటర్ నుంచే పడాలి.

ఇక్కడ నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. పాత కస్టమర్ల ఫారాల్లో ఎప్పుడు చూసినా ఆ టిక్ ఉండేది. ప్రతిసారీ ఉండేదాన్ని మనిషి పెట్టడం దేనికి, టైం వేస్ట్ అనుకుని, రెండేళ్ళు దాటిన కస్టమర్లకు దానంతటదే పడేలా రాసేశాను. డెమోలో ఇరవై మార్పులు చూపించాను, వాటిలో అది పదిహేడోది. గిరిజ గారు తలూపారు. నేను కాలరెగరేసుకుని తిరిగాను.

ఇప్పుడు తిరుపతయ్య గారు. డబ్లిన్‌లో, అంటే ఐర్లండ్ కాదు, ఇక్కడే మా పక్క ఊళ్ళో ఉంటారు, ప్రకాశం జిల్లా మనిషి. ఫార్మసీల్లో మాత్రలు ఏ పూటవి ఆ పూటకు చిన్న సంచుల్లో పెట్టి అంటించే మెషీన్లు దక్షిణ కొరియా నుంచి తెప్పించి అమ్ముతారు. మా ఆఫీసుకు పాత కస్టమర్, అందరికన్నా పెద్ద కస్టమర్. గిరిజ గారిని చెల్లెమ్మా అని తప్ప పిలవరు. ఆయన ఇంట్లో గృహప్రవేశానికి ఆవిడకు చీర పెట్టారు. కిందటేడు జనవరిలో ఆయనకు కొత్త మోడల్ వచ్చింది.

“పాత మెషీనే చెల్లెమ్మా, పైన కవర్ మార్చారంతే. దానికోసం నువ్వు వర్షంలో హేవర్డ్ దాకా డ్రైవ్ చేయటం దేనికి? నా మాట మీద నమ్మకం లేదా?” అన్నారు ఫోన్లో.

గిరిజ గారు వెళ్ళలేదు. అన్నయ్య లాంటి మనిషి అంత మాటన్నాక స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరితే ఏం బాగుంటుంది? బయటివాళ్ళయితే ఆవిడ నిర్మొహమాటంగా వెళ్ళేవారు. మొహమాటమంతా మనవాళ్ళ దగ్గరే. ఆ మోడల్ పదకొండుసార్లు వచ్చింది. పదకొండుసార్లూ ‘దక్షిణ కొరియా’ అని రాసి ఆవిడ సంతకం పెట్టారు.

ఈ ఏడాది మార్చిలో వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ మీద నుంచి ఆ కొత్త మోడల్ మెషీన్ ఒకటి కింద పడింది. ఇన్సూరెన్స్‌కి ఫోటోలు కావాలంటే గిరిజ గారు, నేను వెళ్ళాం. వెనక మూత పగిలి వేలాడుతోంది. నేను టకటకా ఆరు ఫోటోలు కొట్టి, పోదాం పదండి అన్నాను. ఆవిడ కదల్లేదు. మూత పక్కకి జరిపి లోపలికి చూశారు. తరవాత బ్యాగ్ తెరిచారు.

“ఫణీ, ఆ ఫోన్ లైటు ఇటు పట్టు.”

పాత మోడల్ ఆవిడకు కంఠతా వచ్చు. అందులో మోటారు, కత్తి జపాన్‌వి, మిగతాదంతా కొరియాలో చేసిందే. ఇందులో మోటారు, కత్తి, హీటరు, వైర్లు, అన్నీ బిగించిన ఇనప ఫ్రేము, అన్నిటి మీదా ఒకే జపాన్ కంపెనీ ముద్ర. ఫ్రేముకి ఆ కంపెనీ అంటించిన కాగితం కూడా ఉంది: మొత్తం బిగించి, నడిపి చూశాం, బాగుంది, ఫలానా తేదీ. కొరియాది ముందున్న స్క్రీను, పైనున్న ప్లాస్టిక్ కవరు.

“అమ్మో” అన్నారు గిరిజ గారు. ఆవిడ నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు.

సాయంత్రం నాలుగున్నరకు, అంటే కొరియాలో మర్నాడు పొద్దున్న, ఫ్యాక్టరీకి వీడియో కాల్ చేశాం. ఎగుమతుల సంగతి చూసే మిస్ హాన్ అనే అమ్మాయి అడగ్గానే అంతా చెప్పేసింది. జపాన్ కంపెనీకి వాళ్ళు ఎప్పటినుంచో స్క్రీన్లు అమ్ముతున్నారు. స్క్రీన్ల ఆర్డర్ పెద్దది చేస్తాం, బదులుగా మా దగ్గర మెషీన్ కొనండి అన్నారట జపాన్ వాళ్ళు. ఏడాదిన్నరగా అలాగే నడుస్తోంది. అక్కణ్ణుంచి మెషీన్ మొత్తం తయారై వస్తుంది, వీళ్ళు స్క్రీను పెట్టి, కవరు తొడిగి, పరీక్ష చేసి, పెట్టెలో పెట్టి పంపుతారు. అందులో దాచడానికేమీ లేదు, పైగా ఆ అమ్మాయి గర్వంగా చెప్పింది. తిరుపతయ్య గారికి చెప్పారా అంటే, బ్రోషర్ పంపాం కదా, ఏడో పేజీలో ఉంది అంది. బ్రోషర్‌లో ఏడో పేజీ ఎవడు చదువుతాడు?

“స్క్రీన్ వాళ్ళదే కదా, టెస్టింగ్ వాళ్ళే చేస్తున్నరు కదా. సగం కొరియా అనుకోవచ్చు కదా గిరిజ గారూ?” అన్నాను కాల్ అయ్యాక.

“ఎదురెదురు ఇళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, ఇద్దరూ ఊరందరికీ పచ్చళ్ళు అమ్మేవాళ్ళే అనుకో. ఈవిడ ఎదురింటావిడకి సీసాలు అమ్ముతుంది. ఎదురింటావిడ పచ్చడి పెట్టి ఈవిడకి అమ్ముతుంది. ఈవిడ దాన్ని సీసాలో పోసి, తన పేరు అంటించి నాకు పంపింది. పచ్చడి ఎవరు పెట్టినట్టు?”

“ఎదురింటావిడ.”

“మరి నేను సీసా ఇచ్చినావిడ పేరు రాశాను. పదకొండుసార్లు.”

ఆఫీసుకు వచ్చి ఆ పదకొండు ఫారాలూ తెరిచారు. ‘మొదటి పీసు విప్పి చూశారా?’ అన్నచోట పదకొండు టిక్‌లు. ఆవిడ చెయ్యి మౌస్ మీద అలాగే ఆగిపోయింది.

“ఇదెవరు పెట్టార్రా?”

“ఆటోమేటిక్‌గా పడ్తది గిరిజ గారూ. నేనే రాసిన. డెమోలో చెప్పిన మీకు.”

ఆవిడ ఒక్కో ఫారమే మళ్ళీ మూసుకుంటూ వచ్చారు. తిట్టినా బాగుండేది.

“చెప్పావు. నేను తలూపాను” అన్నారు చివరికి.

సంగతి ఎంత ముదిరిందో ఇద్దరికీ అర్థమైంది. దేశం పేరు తప్పు రాస్తే పొరపాటు అనుకుంటారు. కానీ చూడకుండా చూశానని రికార్డులో ఉంటే దాన్ని అబద్ధం అంటారు. ఇరవై ఏళ్ళ కష్టం, నాలుగు పరీక్షలు, గోడ మీద ఉన్న ఆ కాగితం, అన్నీ నేను రాసిన ఒక్క లైను మీదికి వచ్చాయి.

మర్నాడు మీటింగ్. వీరభద్రరావు గారు, తిరుపతయ్య గారు, ఆవిడ, నేను. గిరిజ గారు ఉన్నదున్నట్టు చెప్పి, కస్టమ్స్ వాళ్ళు అడక్కముందే మనమే రాసివ్వాలి, తేడా సుంకం కట్టాలి అన్నారు. ఆ కాగితం మీద వ్యాపారిగా తిరుపతయ్య గారి సంతకం కావాలి.

తిరుపతయ్య గారు భగ్గుమన్నారు. “ఎవడూ అడగనిది మనకెందుకు చెల్లెమ్మా? గప్‌చిప్‌గా ఈసారి నుంచి జపాన్ అని రాసుకుంటే పోలా?”

“వెనకటి పదకొండు ఎక్కడికి పోతాయి అన్నయ్య గారూ?”

వీరభద్రరావు గారు గొంతు సవరించుకున్నారు. “అంత దూరం ఎందుకండీ? సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం అని రాద్దాం. నిజమే కదండీ మరి. రాసినవాణ్ణి తీసేశాం అంటే వాళ్ళూ సరిపెట్టుకుంటారు. మీ లైసెన్స్‌కీ ఢోకా ఉండదు.”

రాసినవాణ్ణి ఆయనకు ఎదురుగానే కూర్చున్నాను. ఉద్యోగం పోతే అరవై రోజులు, ఆలోగా ఇంకోటి దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. నేను టేబుల్ మీద గీతలు చూస్తూ కూర్చున్నాను.

“ప్రోగ్రాం ఎక్కడైనా సంతకం పెట్టిందా వీరభద్రరావు గారూ? పెట్టింది నేను. ఆ ప్రోగ్రాం వాడదామంటే సరేనన్నదీ నేనే” అన్నారు గిరిజ గారు.

“ఇంటికి పిలిచి చీర పెట్టాను, నోరారా చెల్లెమ్మా అన్నాను. తీసుకెళ్ళి నన్నే పట్టిస్తావా?” అన్నారు తిరుపతయ్య గారు. నిజంగానే బాధపడ్డారాయన.

“మీరు చెల్లెమ్మా అన్నారనే మూత విప్పలేదు నేను. వేరేవాళ్ళయితే వర్షం కాదు వరదొచ్చినా వెళ్ళేదాన్ని. అది నా తప్పు, కాగితంలో మొదట అదే ఉంటుంది. మీరు సంతకం పెట్టనంటే మాత్రం శుక్రవారం మీ పని మానేస్తాను. ఎందుకు మానేశానో కస్టమ్స్ వాళ్ళకి రాస్తాను. రూలు అదే.”

ఆయన కుర్చీ వెనక్కి తోసి వెళ్ళిపోయారు. పెద్ద కస్టమర్ అలా వెళ్ళిపోతుంటే వీరభద్రరావు గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. గిరిజ గారు మాత్రం పన్నెండున్నరకి డబ్బా తెరిచి దొండకాయ వేపుడు తిన్నారు. నాకూ రెండు చెంచాలు వేశారు. నాకు దిగలేదు.

గురువారం తిరుపతయ్య గారు చెప్పాపెట్టకుండా వచ్చారు. ఏం రాశావో చూపించు అన్నారు. ఆవిడ మొదటి పేజీ ఇచ్చారు. ఆయన నిలబడే చదివారు. ‘ఈ మోడల్ మొదటి పీసును నేను విప్పి చూడలేదు. కస్టమర్ నాకు దగ్గరివారు కావడంతో ఆయన మాట నమ్మాను. చూసినట్టుగా ఉన్న టిక్ మా ప్రోగ్రాం దానంతటదే పెట్టింది. ఆ ఏర్పాటుకు ఒప్పుకున్నది నేను. బాధ్యత నాది.’ అదీ అందులో ఉన్నది.

“లైసెన్స్ పోతే?” అన్నారాయన.

“పోవచ్చు.”

“భయంగా లేదూ?”

“ఎందుకు లేదు? రెండు రోజులుగా అన్నం సయించట్లేదు. కానీ అబద్ధం చెప్పి నిలబెట్టుకుంటే రేపు ఇంకో పెట్టె ముందు ఏ మొహంతో నిలబడను అన్నయ్య గారూ? విప్పి చూడమని ఎవరికి చెప్పను?”

మొన్న డబ్బా ఖాళీ చేసింది నేను భయపడకూడదని అప్పుడు తెలిసింది నాకు.

ఆయన పెన్ను అడిగారు. సంతకం పెట్టి, “నీతో వేగటం కష్టం తల్లీ” అని విసురుగా వెళ్ళిపోయారు. కానీ పెట్టారు.

తరవాత ఎదురుచూపులు. ఏప్రిల్, మే గడిచాయి. గిరిజ గారు అదివరకులాగే వేర్‌హౌస్‌లకు తిరిగారు, విప్పారు, బిగించారు, ఇన్వాయిస్‌లో తప్పు రాసినవాణ్ణి ఫోన్లో కడిగిపారేశారు. నా ప్రోగ్రాంలో ఆ పదిహేడో మార్పు తీయించేశారు. జూన్‌లో కస్టమ్స్ ఆఫీసర్ వీడియో కాల్‌కి పిలిచారు. అరవై ఏళ్ళ ఆవిడ, ముక్కు మీద కళ్ళజోడు, నవ్వే అలవాటు లేదు. ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో చూపించడానికి నేను పక్కనే ఉన్నాను.

“మెషీన్‌లో తేడా ఉందని ఎలా తెలిసింది?” అని అడిగారు ఆఫీసర్.

“స్క్రూడ్రైవర్‌తో” అన్నారు గిరిజ గారు. ఆఫీసర్ తలెత్తి చూశారు.

“ఈ టిక్ దానంతటదే పడేలా చేసిందెవరు?”

నేను నోరు తెరవబోయాను అని రాస్తే చదవడానికి బాగుంటుంది. తెరవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చున్నాను.

“మా ఆఫీసు ప్రోగ్రాం అది. లైసెన్స్ నా పేరు మీద ఉంది. మీరు అడగాల్సింది నన్ను” అన్నారు గిరిజ గారు. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆఫీసర్ ఏదో రాసుకుని కాల్ ముగించారు.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది. తిరుపతయ్య గారు తేడా సుంకం, దాని మీద వడ్డీ కట్టాలి. అడక్కముందే చెప్పినందుకు అంతకుమించి జరిమానా లేదు. గిరిజ గారికి ఒక హెచ్చరిక. లైసెన్స్ మీద ఏ చర్యా లేదు, ఫైలు మూసేశాం. ఆవిడ ఉత్తరం నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. ఇంకోసారి చదవమన్నారు. రెండోసారి చదువుతుంటే కళ్ళు తుడుచుకున్నారు, దాచుకోలేదు. వీరభద్రరావు గారు మొదటినుంచీ తాను చెబుతూనే ఉన్నట్టు అందరికీ బిర్యానీ తెప్పించారు. తిరుపతయ్య గారు మా దగ్గరే ఉన్నారు. పైగా, తన కాగితాలు ఎంత శుభ్రమో ఊరంతా చెప్పుకుంటున్నారు.

ఫైలు స్కాన్ చేసి దాచమని నాకిచ్చారు. నలభై మూడు పేజీలు. స్కాన్ చేస్తూ మొదటి పేజీ నుంచి చదివాను. పదకొండుసార్లు వచ్చిన సరుకు వివరాలున్నాయి. మిస్ హాన్ చెప్పిన మాటలున్నాయి. ఫ్రేము మీద కాగితం ఫోటో ఉంది. గిరిజ గారి పేరు ప్రతి పేజీ అడుగునా ఉంది. నా పేరు కోసం వెతికాను. కంప్యూటర్‌లో వెతికించాను, నమ్మకం లేక మళ్ళీ చేత్తో తిరగేశాను. ఎక్కడా లేదు. ఎంత సిగ్గేసిందంటే, ఆ స్కానర్ గదిలోంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

“నా పేరు ఎందుకు రాయలేదు గిరిజ గారూ?” అని అడిగాను.

ఆవిడ పని ఆపలేదు. “రాస్తే నిజమే అయ్యేది. కానీ వాళ్ళు అదొక్కటే చదివేవాళ్ళు. నా తప్పు నీ వెనక దాక్కునేది. నాకది ఇష్టం లేదు.”

“మరి నాకు నిద్ర పడ్తలేదు. ఆ రోజు కాల్‌ల నేను చెప్పాల్సింది.”

“చెప్పాల్సిందే. చెప్పలేదు. అంత బాధగా ఉంటే నీ కాగితం నువ్వు రాసుకో నాయనా, నా దాంట్లో దూరకు.”

రాసుకుంటున్నాను. మొదటి పీసు విప్పి చూశారా అన్న ప్రశ్నకు, ఎవరూ విప్పకుండానే, ఎవరూ చూడకుండానే, పదకొండుసార్లు అవునని చెప్పించింది నేను. నా పేరు చిలువేరు ఫణి.